పర్యటనలతో వాడుక ఇంగ్లీషు: రామప్ప గుడి నుంచి కొచ్చి రేవు దాకా

బడిలోనూ కళాశాలలోనూ ఏళ్ల తరబడి ఇంగ్లీషు చదివి, ఇంగ్లీషు దినపత్రికను తేలికగా అర్థం చేసుకోగలిగినవారు కూడా, పరాయి ఊరి హోటల్ కౌంటరు దగ్గర "ఈ గదిలో ఫ్యాను తిరగడం లేదు, వేరే గది ఇస్తారా?" అని అడగవలసి వచ్చేసరికి తడబడతారు. వ్యాకరణం వారికి తెలుసు, మాటలూ తెలుసు. అవసరం వచ్చిన క్షణంలో నోరు తెరిచి అడగడం, ఎదుటివారి జవాబును పట్టుకోవడం, అర్థం కాకపోతే మళ్లీ అడగడం మాత్రం అలవాటు కాలేదు. ఆ అలవాటుకు పర్యటన అన్నిటికన్నా మంచి సందర్భమని నా నమ్మకం. ప్రయాణంలో ఎదురయ్యే సన్నివేశాలు చాలా తక్కువ: స్టేషను, బస, టికెట్ కిటికీ, భోజనం, గైడు, దుకాణం, దారి అడగడం. ఒక్కొక్క సన్నివేశానికి పదో పదిహేనో వాక్యాలు చాలు. అవే వాక్యాలు రోజంతా వేర్వేరు మనుషులతో మళ్లీ మళ్లీ వాడవలసి వస్తుంది కాబట్టి నాలుగైదు రోజుల్లోనే నోటికి పడతాయి.

అయితే ఊళ్లు తిరిగినంత మాత్రాన భాష రాదు. ఏ ఊరు ఎంచుకోవాలి, బయలుదేరే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి, అక్కడ ఎవరితో ఏ వరుసలో మాట్లాడాలి, రాత్రి గదికి చేరాక ఏం చేయాలి అనే విషయాలను ముందే ఆలోచించుకుని వెళ్లినవారికే ఫలితం దక్కుతుంది. తెలుగువారికి అందుబాటులో ఉన్న రెండు చోట్లను, అంటే మన నేల మీది రామప్ప గుడిని, కేరళలోని కొచ్చిని ఉదాహరణలుగా తీసుకుని ఈ పద్ధతిని వివరిస్తాను.

ఊరి ఎంపిక

మన భాష చెల్లే చోటికి వెళితే ఇంగ్లీషు అవసరం పడదు. బెంగళూరులోనూ చెన్నైలోనూ చాలా పేటల్లో తెలుగుతోనే పని జరిగిపోతుంది. కాశీకో ఆగ్రాకో వెళితే, వచ్చీరాని హిందీతోనైనా నెట్టుకురావడం మనకు అలవాటు. అందువల్ల తెలుగూ హిందీ రెండూ అంతగా అక్కరకు రాని, ఇంగ్లీషు మాత్రం వీధి స్థాయిలో నడిచే ఊరిని ఎంచుకోవాలి. దేశంలో అటువంటి ఊళ్లలో కొచ్చిని నేను ముందు వరుసలో పెడతాను. అక్కడ హోటల్ సిబ్బంది, పడవ టికెట్లు ఇచ్చేవారు, మందుల దుకాణంవారు పర్యాటకులతో ఇంగ్లీషులో మాట్లాడటానికి అలవాటుపడి ఉంటారు. పైగా వారికీ అది మాతృభాష కాదు కనుక వాక్యాలు చిన్నవిగా, స్పష్టంగా ఉంటాయి. మనం తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనన్న భయం అక్కడ సగానికి సగం తగ్గుతుంది. సికింద్రాబాద్ నుంచి గుంటూరు, తిరుపతి మీదుగా కేరళ వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ కొచ్చి నగరంలోని ఎర్నాకుళం టౌన్ స్టేషనులో ఆగుతుంది కాబట్టి ప్రయాణం కూడా కష్టమేమీ కాదు.

ప్యాకేజీ టూర్ల గురించి ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. తెలుగు వంటవాడు, తెలుగు మాట్లాడే మేనేజరు, ముందే కొన్న టికెట్లు ఉండే యాత్ర పెద్దవారికి ఎంతో సుఖంగా ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ భాష నేర్చుకోవాలనుకునేవారికి ఆ సుఖమే అడ్డంకి, ఎందుకంటే నోరు తెరవవలసిన ప్రతి సందర్భాన్నీ ఇంకొకరు మన తరఫున ముగించేస్తారు. గది, టికెట్, భోజనం మనమే చూసుకునే ప్రయాణాన్నే ఎంచుకోండి.

మొదటి మెట్టు: తెలిసిన గుడి, తెలియని భాష

దూర ప్రయాణానికి ముందు మన జిల్లాలోనో పక్క జిల్లాలోనో ఉన్న ఒక చారిత్రక స్థలాన్ని ఎంచుకుని, దాని గురించి ఇంగ్లీషులో రెండు నిమిషాలు మాట్లాడటం సాధన చేయాలి. విషయం ముందే తెలిసినప్పుడు మనసు భాష మీద మాత్రమే పనిచేస్తుంది.

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడినే తీసుకుందాం. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆలయమిది. అక్కడి శాసనం 1213 నాటిది. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. శిఖరంలో వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలికైనవి. గుడికి దేవుడి పేరో రాజు పేరో కాక శిల్పి పేరే వచ్చిందని ప్రతీతి. ఇవన్నీ మనకు తెలిసినవే. వీటిని ఇలా చిన్న చిన్న వాక్యాలుగా కూర్చుకోవాలి: "యాన్ ఇన్‌స్క్రిప్షన్ హియర్ గివ్స్ ది ఇయర్ 1213." "ఎ జనరల్ కాల్డ్ రేచర్ల రుద్ర బిల్ట్ దిస్ టెంపుల్." "ది బ్రిక్స్ ఇన్ ది టవర్ ఆర్ సో లైట్ దట్ దే ఫ్లోట్ ఆన్ వాటర్." "పీపుల్ సే ఇట్ ఈజ్ నేమ్డ్ ఆఫ్టర్ ది స్కల్ప్టర్." ఒక్క వాక్యంలో రెండు విషయాలు ఇరికించకండి. తెలుగులో మనం "సేనాని అయిన రేచర్ల రుద్రుడు కట్టించగా శిల్పి పేరుతో పిలువబడుతున్న ఆలయం" అని ఒకే ఊపులో చెప్పగలం. దాన్ని అదే అల్లికతో ఇంగ్లీషులోకి తేబోయినవారు వాక్యం మధ్యలోనే ఆగిపోతారు.

గుడికి వెళ్లాక మొదట పురావస్తు శాఖవారి ఇంగ్లీషు బోర్డును నిలబడి గొంతెత్తి చదవండి. అందులోని భాష పుస్తక భాష కాబట్టి, చదివిన ప్రతి వాక్యాన్నీ వెంటనే మామూలు మాటల్లోకి దించండి. "ది ఎడిఫైస్ వాజ్ ఎరెక్టెడ్" అన్న తరహా మాట కనిపిస్తే "ది టెంపుల్ వాజ్ బిల్ట్" అని చెప్పుకోవాలి. రాసే ఇంగ్లీషుకూ మాట్లాడే ఇంగ్లీషుకూ ఉన్న ఎడం ఈ ఒక్క సాధనతో బాగా తెలిసివస్తుంది. ఆ తర్వాత వెంట వచ్చిన స్నేహితుణ్నో చెల్లెలినో వేరే దేశపు యాత్రికులుగా భావించి గుడి చుట్టూ తిప్పుతూ చెప్పండి. వారు మధ్య మధ్య ప్రశ్నలు వేయాలి: "హౌ ఓల్డ్ ఈజ్ ఇట్?" "వై ఈజ్ దిస్ పిల్లర్ సో షైనీ?" "కెన్ వి గో ఇన్‌సైడ్?" జవాబు తెలియకపోతే ఊరుకోకూడదు. "ఐ యామ్ నాట్ ష్యూర్, లెట్ మి ఆస్క్ ది గైడ్" అనడమూ ఈ సాధనలో భాగమే.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారు లేపాక్షిలో నేలను పూర్తిగా ఆనని స్తంభం దగ్గరో, బొర్రా గుహల్లోనో, పడవ మీద వెళ్లవలసిన నాగార్జునకొండ మ్యూజియంలోనో ఇదే పని చేయవచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవారికి సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. అక్కడ ప్రతి వస్తువు కిందా చిన్న ఇంగ్లీషు చీటీ ఉంటుంది, రోజంతా చదివినా తరగదు. శుక్రవారం సెలవు.

రెండో మెట్టు: సంచిలో పెట్టుకోవలసిన వాక్యాలు

చాలామంది ప్రయాణానికి ముందు వందలాది వాక్యాల పట్టికను బట్టీ పడతారు. ఎదుటివారు ఆ పట్టికలో లేని జవాబు చెప్పగానే అంతా తారుమారవుతుంది. నా అనుభవంలో అన్నిటికన్నా ముందు రావలసినవి, మాట తెగిపోయినప్పుడు దాన్ని మళ్లీ అతికించే వాక్యాలు. "సారీ, కుడ్ యు సే దట్ అగైన్?" "కుడ్ యు స్పీక్ ఎ లిటిల్ స్లోలీ, ప్లీజ్?" "డు యు మీన్ ది నెక్స్ట్ స్టాప్?" "హౌ డు యు స్పెల్ దట్?" "కుడ్ యు రైట్ ఇట్ డౌన్ ఫర్ మి?" ఈ ఐదూ నిద్రలో లేపినా రావాలి. ఇవి వచ్చినవారికి ఎదుటివారు ఏం అంటారో అన్న భయం ఉండదు, ఎందుకంటే అర్థం కాని చోట ఏం చేయాలో వారి చేతిలోనే ఉంది. అర్థం కాకపోయినా తల ఊపేసి వచ్చేయడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. దాన్ని మొదటి రోజే వదిలించుకోవాలి.

తర్వాత మర్యాద సంగతి. తెలుగులో గౌరవం క్రియలోనే ఇమిడి ఉంటుంది. "నీళ్లు ఇవ్వండి" అంటే అది ఆజ్ఞారూపమైనా చివరి "అండి" వల్ల మెత్తబడుతుంది. అదే అల్లికతో "గివ్ మి వాటర్" అంటే మనకు తెలియకుండానే కటువుగా వినిపిస్తుంది. ఇంగ్లీషులో ఆ మెత్తదనం ప్రశ్న రూపంలో ఉంటుంది కాబట్టి అడిగే ప్రతిదాన్నీ ప్రశ్నగా మార్చుకోవాలి: "కుడ్ ఐ హ్యావ్ సమ్ వాటర్, ప్లీజ్?" "కుడ్ వి హ్యావ్ ఎ రూమ్ ఆన్ ది గ్రౌండ్ ఫ్లోర్?" "వుడ్ యు మైండ్ టేకింగ్ ఎ పిక్చర్ ఆఫ్ అజ్?" "కుడ్ ఐ", "కుడ్ యు" అనే రెండు మొదళ్లతో ప్రయాణంలో కావలసిన విన్నపాలు దాదాపు అన్నీ చెప్పవచ్చు.

ప్రశ్నలోని పదాల వరుస కూడా మనం గట్టిగా పట్టించుకోవలసిన విషయమే. తెలుగులో గొంతు పెంచితే లేదా చివర ఒక దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోతుంది. అందుకే "వేర్ ది బస్ స్టాప్ ఈజ్?" అనో "యు ఆర్ హ్యావింగ్ రూమ్స్?" అనో మన నోట వస్తుంది. "వేర్ ఈజ్ ది బస్ స్టాప్?" "డు యు హ్యావ్ ఎనీ రూమ్స్?" అన్న రూపాలను పైకి చదివి చెవికి అలవాటు చేయాలి. అలాగే ఎప్పుడూ ఉండే సంగతికి "ఇంగ్" చేర్చకూడదు. "ఐ యామ్ నాట్ ఈటింగ్ ఫిష్" అంటే ఇప్పుడు తినడం లేదని అర్థం వస్తుంది. అసలే తినరని చెప్పాలంటే "ఐ డోంట్ ఈట్ ఫిష్" అనాలి. కేరళలో భోజనానికి కూర్చున్నప్పుడు ఈ తేడా శాకాహారులకు నిజంగా అవసరపడుతుంది.

ఉచ్చారణ విషయంలో విదేశీయుల యాసను అనుకరించవలసిన పని లేదు. మన యాస మనకు ఉండవచ్చు, మాట మాత్రం తెలియాలి. అందుకు మూడు దిద్దుబాట్లు చాలు. మాట చివర అచ్చు చేర్చి "బస్సు, బ్యాగు, టికెట్టు" అనే అలవాటును ఇంగ్లీషు వాక్యంలో మానుకోవాలి. అచ్చుతో మొదలయ్యే మాటకు ముందు యకారమో వకారమో చేర్చి "యెగ్, వోపెన్" అనకుండా "ఎగ్, ఓపెన్" అనాలి. మూడోది డబ్బుతో ముడిపడినది: ఫిఫ్టీన్, ఫిఫ్టీ అనే జంట. మొదటిదానిలో ఊనిక చివరి భాగం మీద, రెండోదానిలో మొదటి భాగం మీద పడుతుంది. పదమూడు నుంచి పందొమ్మిది వరకు ఉన్న ప్రతి జంటకూ ఇదే వరస. అనుమానం వస్తే "వన్ ఫైవ్, ఆర్ ఫైవ్ జీరో?" అని అడిగేయాలి. ఆటో దిగేటప్పుడు ఈ ప్రశ్న గొడవను తప్పిస్తుంది.

మూడో మెట్టు: కొచ్చిలో రోజులు గడిపే తీరు

తొలి రోజు చూడదగ్గ స్థలాలు ఎక్కువ పెట్టుకోకండి. గదిలో దిగడం, దగ్గరి దుకాణంలో నీళ్లసీసా కొనడం, హోటల్లో భోజనం చేయడం, సాయంత్రం పడవ ఎక్కడం, ఇంతే. దారి తెలిసినా ఒకరిని అడగండి, ధర రాసి ఉన్నా ఒకసారి అడగండి. ఫోనులోని మ్యాపును ఆ పూటకు సంచిలో ఉంచి, ముగ్గురు వేర్వేరు మనుషులను ఒకే చోటికి దారి అడిగితే, ఒకే విషయాన్ని మూడు విధాలుగా ఎలా చెబుతారో చెవికి తెలుస్తుంది. ఒకరు "గో స్ట్రెయిట్ అండ్ టేక్ ది సెకండ్ లెఫ్ట్" అంటారు, ఇంకొకరు "ఇట్స్ జస్ట్ పాస్ట్ ది చర్చ్" అంటారు, మూడోవారు "యు కాంట్ మిస్ ఇట్" అంటారు.

కొచ్చిలోని పాత పేట అయిన ఫోర్ట్ కొచ్చికి రోడ్డు మీద కన్నా నీటి మీద వెళ్లడమే మంచిది. 2023 ఏప్రిల్‌లో మొదలైన వాటర్ మెట్రో పడవలు ఇప్పుడు హైకోర్టు రేవు నుంచి ఫోర్ట్ కొచ్చికి నడుస్తున్నాయి. టికెట్ కిటికీ దగ్గర "టూ టికెట్స్ టు ఫోర్ట్ కొచ్చి, ప్లీజ్" అనడంతో ఆపకుండా "వెన్ ఈజ్ ది లాస్ట్ బోట్ బ్యాక్?" అని కూడా అడగండి. రెండో ప్రశ్నకు జవాబు సంఖ్యల్లో వస్తుంది, సంఖ్యలను విని పట్టుకోవడమే అసలు సాధన. విన్నదాన్ని "సో, నైన్ థర్టీ?" అంటూ తిరిగి చెప్పి సరిచూసుకోవాలి. ఇలా తిరిగి చెప్పడాన్ని ప్రయాణమంతా వదలకండి.

ఒడ్డున చీనా వలలు కనిపిస్తాయి. రాళ్లను బరువుగా కట్టి, తాళ్లతో లాగి ఎత్తే ఆ పెద్ద వలల దగ్గర జాలరులు పర్యాటకులను కూడా ఒకసారి లాగనిస్తారు, దానికి కొంత డబ్బు ఆశిస్తారు కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలి. "హౌ మెనీ పీపుల్ డజ్ ఇట్ టేక్ టు లిఫ్ట్ వన్ నెట్?" "వాట్ డిడ్ యు క్యాచ్ టుడే?" అన్న ప్రశ్నలకు వారు చేతులతో చూపిస్తూ జవాబు చెబుతారు. చేతి సైగ తోడుగా ఉన్న మాట తొందరగా మనసుకు పడుతుంది. అక్కడికి దగ్గరలోనే ఉన్న సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి పోర్చుగీసువారు 1503లో కట్టినది. 1524లో కొచ్చిలో మరణించిన వాస్కో డ గామాను మొదట పూడ్చింది ఇక్కడే, తర్వాత అవశేషాలను లిస్బన్‌కు తరలించారు. సమాధి రాయి ఇప్పటికీ ఉంది. రామప్ప దగ్గర సాధన చేసిన వాక్యాలను ఇక్కడ ఊరి పేరు, సంవత్సరం మార్చి వాడి చూడండి: "హి డైడ్ హియర్ ఇన్ 1524. హి వాజ్ ఫస్ట్ బరీడ్ ఇన్ దిస్ చర్చ్. లేటర్ దే టుక్ హిజ్ రిమెయిన్స్ టు లిస్బన్." మొదట అచ్చుపోసినట్టు వాడుకున్న వాక్యం కొత్త చోట కొత్త విషయాన్ని మోస్తున్నప్పుడే భాష మన సొంతమవుతున్నట్టు.

మట్టాంచేరి భవనానికి ఒక పూట పూర్తిగా కేటాయించమని నా సలహా. డచ్ ప్యాలెస్ అని పేరున్నా దాన్ని కట్టింది పోర్చుగీసువారు, 1555 ప్రాంతంలో కొచ్చి రాజుకు కానుకగా ఇచ్చారు. డచ్చివారు తర్వాత మరమ్మతులు చేయించారు. అక్కడి పడకగది గోడల మీద రామాయణ కథ అంతా చిత్రించి ఉంది. మనకు కథ తెలుసు. పుత్రకామేష్టి, వనవాసం, సీతాపహరణం, రాముడు అయోధ్యకు తిరిగిరావడం కళ్లెదుట గోడ మీద కనిపిస్తున్నప్పుడు ఇంగ్లీషు వివరణలో వచ్చే "ఎగ్జైల్", "అబ్డక్షన్", "రిటర్న్" వంటి మాటలకు నిఘంటువు అక్కరలేదు. వెంట ఉన్నవారికి ఒక్కొక్క ఘట్టాన్ని రెండేసి వాక్యాల్లో ఇంగ్లీషులో చెప్పండి. చిన్నప్పటి నుంచి విన్న కథను పరాయి భాషలో చెప్పడం మొదట వింతగా తోచినా, ఇంతకన్నా మంచి కథన సాధన నాకు తెలియదు. లోపల ఫోటోలు తీయవచ్చో లేదో "ఈజ్ ఫొటోగ్రఫీ అలౌడ్ హియర్?" అని అడిగి తెలుసుకోండి. ఈ భవనానికి శుక్రవారం సెలవు. దగ్గరలోనే 1568 నాటి యూదుల ప్రార్థనా మందిరం ఉంది, అది శనివారం తెరవరు. ఈ రెండు సెలవులను గుర్తుంచుకుని రోజులు కుదుర్చుకోవాలి.

యూదుల వీధిలోని మిరియాలు, యాలకుల దుకాణాలు బేరసారాల ఇంగ్లీషుకు బడి వంటివి. "ఐ యామ్ జస్ట్ లుకింగ్, థాంక్యూ" అంటూ లోపలికి వెళ్లి, "హౌ మచ్ ఈజ్ దిస్ ఫర్ హండ్రెడ్ గ్రామ్స్?" అని అడిగి, ధర ఎక్కువనిపిస్తే "దట్స్ ఎ బిట్ టూ మచ్ ఫర్ మి. ఈజ్ దట్ యువర్ బెస్ట్ ప్రైస్?" అనవచ్చు. కొనదలచుకోకపోతే "లెట్ మి థింక్ అబౌట్ ఇట్" అని మర్యాదగా బయటికి రావచ్చు.

సాయంత్రం కథకళి చూడటాన్ని మాత్రం వదులుకోవద్దు. ఫోర్ట్ కొచ్చిలో పర్యాటకుల కోసం జరిగే ప్రదర్శనల్లో, ఆట మొదలుకాకముందే వెళితే నటులు రంగులు వేసుకోవడం చూడవచ్చు. తర్వాత ముద్రలను, కళ్ల కదలికలను, నవరసాలను ఇంగ్లీషు వ్యాఖ్యానంతో చూపిస్తారు. శృంగారం, హాస్యం, కరుణ, రౌద్రం, వీరం, భయానకం, బీభత్సం, అద్భుతం, శాంతం మనకు ముందే తెలుసు. నటుడి ముఖంలో రసం కనిపిస్తుంటే వ్యాఖ్యాత నోట "లవ్, లాఫ్టర్, సారో, యాంగర్, కరేజ్, ఫియర్, డిస్‌గస్ట్, వండర్, పీస్" అన్న మాటలు వినిపిస్తాయి. మనసులోని భావాలను చెప్పే ఇంగ్లీషు మాటలు మనకు చాలా తక్కువగా వస్తాయి. వాటిని ఇంత స్పష్టంగా, ముఖంతో సహా నేర్పే చోటు మరొకటి దొరకడం కష్టం.

వ్యవధి ఉంటే మున్నార్‌కు వెళ్లండి. ఇరవికుళం జాతీయ వనంలో నీలగిరి వరయాడులు అనే కొండమేకలు కనిపిస్తాయి. అవి ఈనే కాలంలో, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, వనాన్ని మూసి ఉంచుతారు. ఆ కొండల మీద 12 ఏళ్లకు ఒకసారి పూసే నీలకురింజి గురించి మూడు వాక్యాలు చెప్పగలిగితే మూడు కాలాలూ ఒకేసారి సాధన అవుతాయి: "ఇట్ బ్లూమ్స్ వన్స్ ఎవ్రీ ట్వెల్వ్ ఇయర్స్. ఇట్ బ్లూమ్డ్ ఇన్ 2018. ఇట్ విల్ బ్లూమ్ అగైన్ ఇన్ 2030."

కుటుంబంతో వెళ్లినప్పుడు

ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చిన ఒక్కరే, చాలాసార్లు కళాశాలలో చదివే పిల్లలో ఇంటి పెద్దాయనో, అందరి తరఫునా మాట్లాడేస్తారు. మిగతావారు, ముఖ్యంగా అమ్మలు, సామాన్ల దగ్గర నిలబడతారు. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే దృశ్యం, ఎందుకంటే భాష అవసరమైనవారే భాషకు దూరంగా ఉండిపోతారు. బయలుదేరే ముందే పనులు పంచుకోండి. ఒకరు బస చూసుకుంటారు, ఇంకొకరు టికెట్లు, అమ్మ భోజనం సంగతి, నాన్న దారి అడగడం. మరుసటి రోజు పనులు మారాలి. అమ్మ "ఈజ్ దేర్ ఎనీ ఫిష్ ఇన్ దిస్?" అని అడుగుతున్నప్పుడు పక్క నుంచి పిల్లలు అందుకోకూడదు, తప్పులు అక్కడే దిద్దకూడదు. కావలసింది బల్ల మీదికి వస్తే ఆ వాక్యం పనిచేసినట్టే. దిద్దుబాట్లు రాత్రికి దాచుకోవచ్చు.

రాత్రి అరగంట

పగలు నేర్చుకున్నది నిలవాలంటే రాత్రి గదిలో అరగంట కేటాయించాలి. చిన్న నోటుపుస్తకంలో ఆ రోజు విన్న వాక్యాలను, చెప్పాలనుకుని చెప్పలేకపోయిన వాక్యాలను విడివిడిగా రాయండి. రెండో రకమే విలువైనది. వాటికి సరైన ఇంగ్లీషు రూపం కోసం అప్పుడు మాత్రమే ఫోనులోని అనువాద యాప్‌ను తెరవండి. పగలు ఎదుటి మనిషి నిలబడి ఉండగా ఫోను అందిస్తే, సంభాషణ ఫోనుకూ ఆయనకూ మధ్య సాగుతుంది, మనకు మిగిలేది ఏమీ ఉండదు.

తర్వాత ఆ రోజు జరిగినదాన్ని రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పి, మీ గొంతును మీరే ఫోనులో రికార్డు చేసుకోండి. ఇందులో భూతకాల క్రియలు కావాలి. అవి ఒక క్రమంలో మారవు గనుక చాలామంది భయపడతారు, కానీ యాత్ర గురించి చెప్పడానికి కావలసినవి చాలా కొద్ది: వెంట్, కేమ్, సా, టుక్, ఏట్, బాట్, పెయిడ్, గాట్, లెఫ్ట్, మెట్, టోల్డ్, ఫౌండ్, లాస్ట్, స్లెప్ట్. "వి లెఫ్ట్ ది హోటల్ అట్ నైన్. వి టుక్ ఎ బోట్ టు ఫోర్ట్ కొచ్చి. వి మెట్ ఎ కపుల్ ఫ్రమ్ జర్మనీ." మొదటి రాత్రి రికార్డునూ చివరి రాత్రి రికార్డునూ పక్కపక్కన వినండి. ఎక్కడెక్కడ ఆగుతున్నారో, ఏ క్రియ దగ్గర ప్రతిసారీ తడబడుతున్నారో తెలిసిపోతుంది.

విదేశీ యాత్రికులతో మాట కలపడం

కొచ్చిలో యూరప్ దేశాలవారు చాలామంది కనిపిస్తారు. వారిలో ఫ్రాన్సు, జర్మనీల వంటి చోట్ల నుంచి వచ్చినవారికి కూడా ఇంగ్లీషు నేర్చుకున్న భాషే కాబట్టి వారితో మొదలుపెట్టడం సులువు. బ్రిటన్, ఆస్ట్రేలియాలవారి వేగానికి చెవి అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది. పడవ కోసం నిలబడినప్పుడో, ఒకే బల్ల దగ్గర టీ తాగుతున్నప్పుడో "ఈజ్ దిస్ యువర్ ఫస్ట్ టైమ్ ఇన్ ఇండియా?" అన్నది మంచి ప్రారంభం. "వేర్ హ్యావ్ యు బీన్ సో ఫార్?" అన్నది రెండోది. వారు హైదరాబాద్ వెళ్తున్నారని తెలిస్తే రామప్ప దగ్గర సాధన చేసిన రెండు నిమిషాలు అక్కడ నిజంగా పనికివస్తాయి.

మనకు సహజమైన కొన్ని ప్రశ్నలు వారికి ఇబ్బంది కలిగిస్తాయి. వయసు, జీతం, పెళ్లి, పిల్లలు లేకపోవడానికి కారణం అడగకూడదు. అడగకుండా ఫోటో తీయకూడదు. ఒంటరిగా నడుస్తున్న స్త్రీని మాట కోసం వెంబడించడం సాధన కాదు, వేధింపు. ఎవరైనా పొడి జవాబు చెప్పి ముఖం తిప్పుకుంటే "హ్యావ్ ఎ నైస్ డే" అని పక్కకు తప్పుకోవాలి.

దేశంలో మనందరికీ అర్థమయ్యే కొన్ని ఇంగ్లీషు వాడుకలు వారికి అర్థం కావు. "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే మనం వారిని అనుమానిస్తున్నామని అనుకోవచ్చు, "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనాలి. "వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్?" బదులు "వాట్స్ యువర్ నేమ్?" చాలు. "ఔట్ ఆఫ్ స్టేషన్" అంటే వారు రైల్వే స్టేషను అనుకుంటారు. "పార్సిల్" అని మలయాళీ హోటల్లో నిరభ్యంతరంగా అడగవచ్చు, లండన్‌లో మాత్రం "టేక్ అవే" అనాలి.

ఒంట్లో బాగాలేనప్పుడు

కంగారులో కొత్త వాక్యం తట్టదు కాబట్టి వీటిని కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోవాలి: "ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ సిన్స్ లాస్ట్ నైట్." "ఐ యామ్ అలర్జిక్ టు దిస్ మెడిసిన్." "మై మదర్ హ్యాజ్ డయాబెటిస్." "ఐ హ్యావ్ లాస్ట్ మై బ్యాగ్. ఇట్ ఈజ్ బ్లాక్, అబౌట్ దిస్ బిగ్." అత్యవసర సహాయానికి దేశమంతటా 112, రైల్లో ఉన్నప్పుడు 139. ఫోను చేసినప్పుడు మొదట ఉన్న చోటు, తర్వాత జరిగిన విషయం చెప్పాలి.

పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లే తల్లిదండ్రులు

పై సాధన అంతా ఎక్కువగా అక్కరకు వచ్చేది, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కొడుకునో కూతురినో చూడటానికి తొలిసారి విమానమెక్కే తెలుగు తల్లిదండ్రులకు. ఒక కొచ్చి ప్రయాణం చేసి వచ్చినవారు ఆ కౌంటర్ల దగ్గర బెదిరిపోరు. అమెరికాలో దిగగానే ఇమిగ్రేషన్ అధికారి అడిగే ప్రశ్నలు కూడా కొద్దిపాటివే: "వాట్ ఈజ్ ది పర్పస్ ఆఫ్ యువర్ విజిట్?" "హూ ఆర్ యు విజిటింగ్?" "హౌ లాంగ్ విల్ యు స్టే?" జవాబులు చిన్నవిగా, నిజమైనవిగా ఉండాలి: "వి ఆర్ విజిటింగ్ అవర్ డాటర్." "షి లివ్స్ ఇన్ డాలస్." "వి విల్ స్టే ఫర్ ఫోర్ మంత్స్." తిరుగు టికెట్ తేదీ, పిల్లల చిరునామా, ఫోను నంబరు కాగితం మీద చేతిలో ఉంచుకోండి. ప్రశ్న అర్థం కాకపోతే ఊహించి "యెస్" అనవద్దు. కొచ్చిలో వాడిన "సారీ, కుడ్ యు సే దట్ అగైన్?" అక్కడా చెల్లుతుంది. అప్పటికీ అర్థం కాకపోతే "మే ఐ హ్యావ్ ఎ తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్?" అని అడగడంలో తప్పు లేదు.

ఆ తర్వాత కస్టమ్స్ దగ్గర "డు యు హ్యావ్ ఎనీ ఫుడ్ విత్ యు?" అన్న ప్రశ్న వస్తుంది. పెట్టెలో ఆవకాయ జాడీ పెట్టుకుని "నో" అనడం పెద్ద పొరపాటు, దాచినందుకు జరిమానా పడవచ్చు. మాంసం పచ్చళ్లు, విత్తనాలు, మొక్కలు ఇంటి దగ్గరే వదిలి, మిగిలినవాటిని ఉన్నవి ఉన్నట్టుగా చెప్పాలి: "యెస్. మ్యాంగో పికిల్ అండ్ సమ్ స్వీట్స్. నో మీట్, నో సీడ్స్, నో ప్లాంట్స్." పెట్టె తెరవమంటే "ష్యూర్" అని తెరిచి, పచ్చడి సీసా మీద ఇంగ్లీషులో పేరు రాసి ఉంచిన చీటీని చూపిస్తే చాలు.